బిల్లు తగ్గాలంటే చెమట పట్టాలి

కర్నూలు, కడప జిల్లాల్లో కరెంటు పొదుపు చేయడమంత తేలికైన పని ఇంకొకటి లేదు. శివరాత్రి వెళ్లిన మర్నాటి నుంచి మృగశిర కార్తె దాకా స్విచ్చు జోలికి పోకపోతే చాలు. ఈ కిటుకు తెలియక జనం ఎల్ఈడీలనీ, నక్షత్రాల ఫ్యాన్లనీ డబ్బు తగలేస్తున్నారు. అలాంటివాళ్ల కోసం ఈ సలహాలు. చదివేవారింట్లో ఏసీ ఉంటే కంగారు పడనక్కర్లేదు, ఇవి మీకు కావు. మీ ఇంట్లో అంట్లు తోమే ఆమెకు, గేటు దగ్గర కూర్చునే తాతకు మీరు చెప్పడానికి. పొదుపు సలహా ఎప్పుడూ మనకంటే తక్కువ వాడేవాళ్లకే ఇవ్వాలి. ఎక్కువ వాడేవాళ్లకు చెబితే నొచ్చుకుంటారు.

ముందు ఇంటి సంగతి చూద్దాం. మీ తాతల నాటి మట్టి మిద్దె ఇంకా నిలిచి ఉంటే వెంటనే పడగొట్టండి. రెండడుగుల మందం రాతి గోడలు, పైన దూలాలు, దంతెలు, వాటి మీద కట్టెలు, రొట్ట, ఆ పైన మందంగా చవుడు మట్టి. బయట నలభై నాలుగు డిగ్రీలు కాస్తుంటే లోపల పడసాలలో పెద్దాయన తలకింద తువ్వాలు పెట్టుకుని గురక పెడుతుంటాడు. ఇలాంటి ఇంట్లో ఉన్నవాడికి ఫ్యాను కొనాలన్న బుద్ధి పుట్టదు. ఫ్యాను కొననివాడు రేపు కూలరు కొనడు, ఎల్లుండి ఏసీ కొనడు, ఇక దేశం ఎట్లా ముందుకు పోతుంది?

(పడగొట్టేవాళ్ల కారణాలు వాళ్లకున్నాయి లెండి. ఏటా వానలకు ముందు మిద్దె మీదికి చవుడు తోలించాలి, తోలేవాడు దొరకడు. దంతెలకు చెద పడుతుంది. సందుల్లో తేళ్లు. ముసురు పట్టిందంటే ఇల్లంతా గిన్నెలు పరుచుకుని కూర్చోవాలి. మట్టి మిద్దె గొప్పతనం మీద వ్యాసాలు రాసేవాళ్లెవరూ మట్టి మిద్దెలో ఉండరు. నేనూ ఉండను.)

పడగొట్టారు కదా, ఇప్పుడు సిమెంటు ఇటుకలతో గోడ లేపి స్లాబు వేయండి. ప్రభుత్వ కాలనీలో ఇల్లు వచ్చిందా, ఇంకా మేలు. 2020లో పట్టాలిచ్చిన కాలనీలైతే ఊళ్లో సెంటున్నర జాగా, పట్నంలో సెంటు, అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. చుట్టూ చెట్టు లేకుండా చూసుకోండి. కిటికీలు ఎదురెదురుగా పెట్టొద్దు, ఒక పక్క నుంచి వచ్చిన గాలి ఇంకో పక్క నుంచి వెళ్లిపోతుంది, వచ్చిన గాలిని పోనిస్తే ఎట్లా? స్లాబు మీద నీడ ఉండకూడదు. పగలంతా మింగిన ఎండను అది సాయంత్రం ఆరింటి నుంచి నింపాదిగా కక్కడం మొదలుపెడుతుంది. అర్ధరాత్రి దాకా మీ నెత్తి మీద వెచ్చగా కాపలా ఉంటుంది.

ఈ దశలో ఎవరో ఒకరు వచ్చి స్లాబుకు తెల్ల సున్నం కొట్టమంటారు. వినకండి. బస్తా సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి, చీపురుతో ఒక పూట పని చేస్తే లోపల రెండు మూడు డిగ్రీల వేడి తగ్గిపోయే ప్రమాదం ఉంది. పక్క తెలంగాణ వాళ్లు 2023లో దీనికోసం ఏకంగా కూల్ రూఫ్ విధానమే తెచ్చుకున్నారు. మనకు ఆ ఖర్మ పట్టలేదు. సున్నపురాయికి కొదవా అంటే, ఎర్రగుంట్ల చుట్టూ ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలన్నీ దాని మీదే బతుకుతున్నాయి. ఆ రాయి సిమెంటై మన నెత్తి మీద స్లాబుగా కూర్చోవాలి గానీ, సున్నమై స్లాబు నెత్తిన కూర్చోకూడదు. మరీ ఏదైనా చేయాలని చేతులు దురద పెడితే పైన నల్ల కడప బండలు పరిపించండి. సొంత జిల్లా సరుకు. ఎండ ఒక్క చుక్క కూడా వృథా పోదు.

ఇలాంటి ఇంట్లో ఆదర్శంగా బతకడం ఎలాగో చూడాలంటే మే నెలలో ఏ కాలనీకైనా మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లండి. తలుపు దగ్గరికి వేసి ఉంటుంది. గుమ్మానికి తడిపిన పాత చీర వేలాడుతుంటుంది, పావుగంటలో ఆరిపోతుంది, ఒక అవ్వ లేచి మళ్లీ తడిపి వేస్తుంది. లోపల నాపబండల మీద చెంబుతో నీళ్లు చల్లుకుని ఆ తడిలోనే పడుకుంటుంది. పైన ఫ్యాను ఉంది, తిరగడం లేదు.

"ఫ్యాను ఆపినావేం అవ్వా?"

"తిప్పితే పొయ్యి ముందర కూచున్నట్టుంటాది నాయనా. ఆపితేనే మేలు."

అవ్వ ఏ పుస్తకమూ చదవలేదు గానీ లెక్క సరైనదే. ఫ్యాను గాలిని చల్లబరచదు, కదిలిస్తుంది అంతే. గది వేడి నలభై దాటాక, అదీ మన పొడి ఎండల్లో, ఆ కదిలే గాలి ఒంటికి వేడి ఎక్కిస్తుంది. కాబట్టి ఆపేస్తుంది. నెల తిరిగేసరికి బిల్లు ముప్పై యూనిట్ల లోపే. యూనిట్ రూపాయి తొంభై పైసలు. ఏటా డిసెంబరులో ఇంధన పొదుపు వారోత్సవాల్లో అవార్డులు ఇస్తుంటారు, ఈసారి వేదిక ఎక్కించాల్సింది ఈ అవ్వనే. వడదెబ్బ తగలకుండా డిసెంబరు దాకా నిలిస్తే.

ఇక్కడ ఒక ఇంగ్లండు సంగతి మనకు బాగా పనికొస్తుంది. 1991లో బ్రెండా బోర్డ్‌మన్ అనే పరిశోధకురాలు ఇంధన పేదరికం మీద ఒక పుస్తకం రాసింది. అక్కడి బాధ చలి. ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి కావలసినంత ఇంధనం కొనాలంటే రాబడిలో పదో వంతు మించి పెట్టాల్సి వచ్చేవాళ్లను ఇంధన పేదల కింద లెక్కగట్టాలంది. ఈ లెక్కను మనం కొంచెం సరిచేసుకోవాలి. ఎంత కావాలి అన్నది వదిలేసి ఎంత కట్టారు అన్నదొక్కటే చూడాలి. అవ్వ కట్టింది నెలకు వంద రూపాయల లోపే, అది ఆమె పింఛనులో పదో వంతు కాదు కదా, దరిదాపుల్లో కూడా లేదు. ఫ్యాను తిప్పనివాళ్లెవరూ ఇంధన పేదలు కారు. ఒక్క స్విచ్చు దెబ్బకు జిల్లాలో ఇంధన పేదరికం నిర్మూలన అయిపోతుంది. అధికారులు ఈ పద్ధతిని ఇప్పటికే పాటిస్తున్నారేమోనని నాకు అనుమానం.

అద్దెకుండేవాళ్ల విషయం వేరు. వాళ్లకు పొదుపు నేర్పించే బాధ్యత ఇంటి యజమానులదే కాబట్టి ఈ భాగం యజమానులకు.

కర్నూలులో గానీ, కడపలో గానీ, ప్రొద్దుటూరులో గానీ మీకు వరసగా నాలుగు వాటాలు ఉన్నాయనుకోండి. ఒకదాంట్లో మీరు, మూడింట్లో అద్దెవాళ్లు. విడివిడిగా మీటర్లు పెట్టించే పొరపాటు చేయకండి. ఒకటే మీటరు ఉండాలి, మీ పేరున. అద్దెవాళ్లకు బజారులో కొన్న సబ్ మీటర్లు పెట్టండి. ఎర్ర లైటు టిక్కు టిక్కుమంటూ వెలుగుతుంటుంది, దానికింద మేకుకు దారం కట్టి ఒక నోటు పుస్తకం. ప్రతి నెలా ఒకటో తేదీ సాయంత్రం మీరే స్వయంగా వెళ్లి, కళ్లజోడు పైకి జరిపి, రీడింగు చదివి రాసుకోవాలి. "యూనిట్ పది రూపాయలమ్మా, అందరికీ అదే" అనాలి. చివరి మాటలో న్యాయం ధ్వనించాలి.

దీనివల్ల ఏమవుతుందో ఒకసారి లెక్క వేద్దాం, ఎందుకంటే ఈ లెక్క అద్దెవాళ్లు వేయరు. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి ఇళ్లకు ధరలు ఇవి: మొదటి 30 యూనిట్లకు 1.90, ఆ పైన 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. తక్కువ వాడేవాడికి తక్కువ పడాలని మెట్లు మెట్లుగా పెట్టిన పద్ధతి. ఇప్పుడు అద్దెవాళ్లు ఒక్కొక్కరు నెలకు 60 యూనిట్లు, మీరు 100 వాడారనుకోండి. విడి మీటర్లుంటే ఒక్కో అద్దె వాటాకు 147 రూపాయలు, మీకు 304.50, నాలుగూ కలిపి 745.50. అదే నాలుగు వాటాలూ ఒకే మీటరులో పడితే 280 యూనిట్లు, 1,498.25 రూపాయలు. వాడింది అదే కరెంటు, పడింది రెట్టింపు. ఇక అద్దెవాళ్ల దగ్గర యూనిట్ పదికి మీకు వచ్చింది 1,800. స్థిర చార్జీలూ, సర్దుబాట్లూ అందులోంచే పోయినా మీ ఇంటి కరెంటు మీకు దాదాపు ఉచితం. ఉచిత కరెంటు పథకాలు సర్కారే పెట్టాలా ఏం?

అద్దె వాటాలో ఉన్న ఆమె మాత్రం 147 కట్టాల్సిన చోట 600 కడుతుంది. పేదవాళ్లకని పెట్టిన రూపాయి తొంభై మెట్టు ఆమె ఇంటి గుమ్మం దాకా వచ్చి, పక్క వాటాలోకి తిరిగిపోతుంది. ఆమె ఎస్సీయో ఎస్టీయో అయితే నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం అని రాష్ట్రంలో పథకం ఉంది. కానీ అది మీటరు ఉన్నవాళ్లకు. మేకుకు వేలాడే నోటు పుస్తకాన్ని ఏ సర్కారూ మీటరు కింద జమ కట్టదు.

ఒకవేళ ఆమె పొదుపు చేద్దామని చూసినా దారులన్నీ మీరు ముందే మూసేసి ఉండాలి. గదిలో ఫ్యాను మీది, మార్చడానికి వీల్లేదు. మీరెందుకు మారుస్తారు, బిల్లు ఆమెది కదా. స్లాబు మీది, సున్నం కొడతానంటే "పైన నీళ్ల ట్యాంకు ఉందమ్మా, ఎక్కొద్దు" అనండి. విడి మీటరు పెట్టించమంటే వచ్చే నెల చూద్దామనండి. పాత కరెంటు ఖర్చు తేడాను తర్వాత రాబట్టే సర్దుబాటు చార్జీల సంగతి అడిగితే, ఆ తప్పు నిజంగానే మీది కాదు. 2022-23లో ఎవరో వాడిన కరెంటు తాలూకు సర్దుబాటును 2024 చివరి నుంచి బిల్లుల్లో వసూలు చేయడం మొదలుపెట్టారు. అప్పుడు ఆ వాటాలో ఉన్నవాళ్లు ఖాళీ చేసి బెంగళూరు పోయి ఉంటారు. వాళ్ల ఉక్కపోతకు ఈమె డబ్బు కట్టింది. ఇరుగుపొరుగు అంటే ఇలా ఉండాలి.

ఫ్యాను కొనక తప్పని పరిస్థితి వస్తే అన్నిటికంటే చవకది కొనండి. ఇంకా మంచిది, కాలిపోయినదాన్నే వైండింగ్ షాపులో చుట్టించుకోండి. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు నక్షత్రాల లేబుల్ తప్పనిసరి చేశారు. నక్షత్రాలు చూడాలంటే రాత్రి మిద్దె మీద చాప వేసుకుంటే సరిపోతుంది, వాటికి డబ్బు కట్టడం దేనికి?

బీఎల్‌డీసీ అని ఒక ఫ్యాను వచ్చింది. పాత ఫ్యాను 75 వాట్లు తాగితే ఇది 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. ఎండాకాలం రోజుకు పదహారు గంటలు తిరిగితే నెలకు ఇరవై ఒకటి, ఇరవై రెండు యూనిట్లు మిగులుతాయి. ధర మామూలు ఫ్యాను కంటే పన్నెండు, పదమూడు వందలు ఎక్కువ. ఇప్పుడు చూడండి తమాషా. 8.75 మెట్టు మీద ఉన్న పెద్దింటివాడికి దీనివల్ల నెలకు 190 రూపాయల దాకా మిగులుతుంది, ఏడు నెలల్లో ఎక్కువ పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. మూడు రూపాయల మెట్టు మీద ఉన్నవాళ్లకు నెలకు అరవై ఐదు, అంటే ఇరవై నెలలు పడుతుంది, అదీ ఏడాది పొడుగునా ఎండాకాలమే అయితే. ఉచిత కరెంటు ఉన్న ఇంటికి మిగిలేది సున్నా. ఆ యూనిట్లు మిగిలితే లాభం సర్కారుకు, ఎందుకంటే ఒక్కో యూనిట్ సరఫరాకు దాదాపు ఏడు రూపాయలు ఖర్చు, ఆ తేడా భరిస్తున్నది ఖజానాయే. మరి లాభం ఎవరిదో ఫ్యాను వాళ్లే కొనిస్తే పోలా అని ఒక కుర్ర ఇంజనీరు నన్ను అడిగాడు. ఇలాంటి ప్రశ్నలు మొగ్గలోనే తుంచేయాలి.

అది ఎంత ప్రమాదమో బల్బుల విషయంలో చూశాం. 2014 చివర్లో మన రాష్ట్రంలో పాత బల్బులు తీసుకుని, పది రూపాయలకు ఒక ఎల్ఈడీ చేతిలో పెట్టడం మొదలెట్టారు. 60 వాట్ల బల్బు ఉన్న చోట 7 వాట్లది. పెట్టుబడి ఈఈఎస్ఎల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ పెట్టుకుంది, కరెంటు కంపెనీలు మిగిలిన డబ్బులోంచి తీర్చాయి. తర్వాత దేశమంతా ఉజాలా పేరుతో అదే చేశారు. ఫలితం చూడండి, ఇప్పుడు కొట్టంలో కూడా ఎల్ఈడీయే వెలుగుతోంది. ఎండకు మాడే ఊళ్లలో అదే పద్ధతి ఫ్యాన్లకూ పెడితే ఏమవుతుందో ఊహించుకోండి. మధ్యాహ్నం జనం ఫ్యాను కింద హాయిగా పడుకుంటారు. ఇక మన సలహాలు ఎవరు వింటారు?

దీన్ని అడ్డుకోవడానికి ఒక పెద్దమనిషి పేరు గుర్తుంచుకోండి: విలియం స్టాన్లీ జెవన్స్. 1865లో ఇంగ్లండులో బొగ్గు మీద పుస్తకం రాశాడు. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం మొదలయ్యాక దేశంలో బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగిందని తేల్చాడు. దీన్ని మీరు సభలో ఇలా వాడాలి: "మంచి ఫ్యాను ఇస్తే ఎక్కువసేపు తిప్పుకుంటారండీ, అప్పుడు పొదుపు ఎక్కడ?" మీ ఇంట్లో మూడు ఏసీలు ఉంటే ఇంకా గట్టిగా అనాలి. ఆపేసిన ఫ్యాను మళ్లీ తిరగడం కోసమే కదా ఇదంతా అని ఎవరైనా అంటే జెవన్స్ పేరు ఇంకోసారి చెప్పండి.

ఫ్రిజ్ గురించి క్లుప్తంగా. కొత్తది వాయిదాల మీద కొనొద్దు, పాతది రొక్కానికి కొనండి. ఎక్స్ఛేంజ్ మేళా పెట్టినప్పుడల్లా పెద్ద ఇళ్లలో పాత ఫ్రిజ్ పోయి నక్షత్రాలున్న కొత్తది వస్తుంది. వాళ్ల బిల్లు తగ్గుతుంది, పర్యావరణ స్పృహ పెరుగుతుంది. ఆ పాతది తుక్కు కింద పోతుందనుకుంటున్నారా? వారం తిరక్కుండా దానికి రంగు కొట్టి సెకండ్ హ్యాండ్ షాపు ముందు నిలబెడతారు. కొత్తది మూడు రోజుల్లో తాగే కరెంటు అది ఒక్కరోజులో తాగుతుంది. ఆటోలో దాన్ని ఇంటికి తెచ్చుకున్న రోజు పిల్లలకు పండగ. నెల తర్వాత ఇంటాయన నోటు పుస్తకం పట్టుకుని వస్తాడు.

కూలరు విషయంలో మన ప్రాంతానికి దేవుడు అన్యాయంగా మేలు చేశాడు. విజయవాడలో కూలరు పెడితే జిగట, అక్కడి గాలిలో తేమ ఎక్కువ. కర్నూలు గాలి ఎండు గాలి. తడి గడ్డి గుండా లాగితే పది డిగ్రీల దాకా తేలిగ్గా చల్లబడుతుంది. ఏసీ పదిహేను వందల వాట్లు మింగే చోట ఇది రెండు వందల లోపు. ఈ మేలును చెడగొట్టాలంటే రెండు పనులు చేయాలి. మొదటిది, కిటికీ తలుపులన్నీ బిగించి మధ్యలో కూలరు పెట్టుకోవాలి. అరగంటలో గది ఆవిరి గది అవుతుంది, కూలరు దండగ అని మీరే తీర్పు ఇవ్వొచ్చు. రెండోది మనం చేయక్కర్లేదు, మునిసిపాలిటీ చూసుకుంటుంది. కూలరుకు రోజుకు నాలుగైదు బిందెల నీళ్లు కావాలి, కుళాయి చూస్తే రోజు విడిచి రోజు. తుంగభద్ర పక్కనే పారుతుంటుంది, కేసీ కాలువ రెండు జిల్లాల పేర్లూ మోస్తూ పోతుంటుంది, బిందె మాత్రం ఆడవాళ్లే మోయాలి. ఆ మోతకు మీటరు లేదు కాబట్టి పొదుపు లెక్కల్లోకి రాదు.

వంటింట్లో గ్యాసు పొదుపుకు మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల గ్యాసు కనెక్షన్లు ఇచ్చాయి, 2024 నవంబరు 1 నుంచి దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ఉచితం అంటే, ముందు సిలిండరు ధర మొత్తం మీరు కట్టాలి, ఆ తర్వాత మీ ఖాతాలో పడుతుంది. చేతిలో ఆ డబ్బు ఉన్న రోజు చూసుకుని బుక్ చేయండి. అంతదాకా సిలిండరుకు పసుపు కుంకుమ పెట్టి, పైన గుడ్డ కప్పి మూలన ఉంచండి. చుట్టాలొచ్చినప్పుడు టీ కాయడానికి పనికొస్తుంది. సంగటి కెలకడం, జొన్న రొట్టె కాల్చడం, స్నానానికి కాగు పెట్టడం, ఇవన్నీ పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీదే. కంది కట్టె ఉంది, పత్తి కట్టె ఉంది. పొగకు కళ్లు మండితే కొంగుతో తుడుచుకోండి. గ్యాసు మీద కాల్చిన రొట్టెకు రుచి ఉండదని అత్తగారు ఎలాగూ చెబుతుంది. రొట్టె కాల్చేది ఆమె కాదు.

మనసు కుదుటపడాలంటే అప్పుడప్పుడు సోలార్ పార్కు చూసి రండి. ఓర్వకల్లు దాటాక గని, శకునాల వైపు తిరిగితే దాదాపు ఆరు వేల ఎకరాల్లో అద్దాలు పరిచి ఉంటాయి. వెయ్యి మెగావాట్లు. 2017లో మొదలైనప్పుడు ఒకే చోట ఉన్న సోలార్ పార్కుల్లో ప్రపంచంలోనే పెద్దది. జమ్మలమడుగు పక్కన మైలవరంలో ఇంకొకటి, అందులో 250 మెగావాట్లకు 2017 వేలంలో పలికిన ధర యూనిట్ 3 రూపాయల 15 పైసలు. ముద్దనూరు దగ్గర బొగ్గుతో నడిచే ఆర్టీపీపీ కరెంటు కేంద్రం 1994 నుంచి పొగ వదులుతోంది. శ్రీశైలం డ్యాము సరేసరి. నీళ్లు, బొగ్గు, ఎండ, మూడింటితోనూ కరెంటు తీసే నేల ఇది. కంచె ఇవతల నిలబడి గర్వపడండి. గర్వానికి మీటరు లేదు. ఇంటికొచ్చాక యూనిట్ పది రూపాయల ఫ్యాను కింద కూర్చుని 3.15 గురించి ఆలోచించకండి, తల తిరుగుతుంది, వడదెబ్బ అనుకుంటారు.

ఆ అద్దాలేవో మన మిద్దె మీదే పెట్టుకుంటే అంటారా. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చింది. మూడు కిలోవాట్లకు 78 వేల రాయితీ. మిద్దె మీ పేరున ఉండాలి, ముందు డబ్బో అప్పో పెట్టి బిగించుకోవాలి, రాయితీ తర్వాత వస్తుంది. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్లు ఉచితంగా పెడతామని రాష్ట్రం ప్రకటించింది. అది మంచి మాటే, వెక్కిరించడానికి నాకు సందు దొరకలేదు. అయితే నాలుగు వాటాల ఇంట్లో వెనక గదిలో ఉండే ఆమెకు మిద్దె లేదు, మెట్ల దారి కూడా లేదు. పైన అద్దాలు ఇంటాయన పెట్టించుకుంటాడు, ఆయన బిల్లు తగ్గుతుంది, సబ్ మీటరు ధర మాత్రం పదే. సూర్యుడు ఉదయించేది అందరికీ, అస్తమించేది మాత్రం వాటాల వారీగా.

చివరగా ఒక హెచ్చరిక. ఈ ధరలూ, మెట్లూ, సర్దుబాట్లూ ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ మండలి 2023లో హైదరాబాదు నుంచి కర్నూలుకే వచ్చేసింది. ఏటా కొత్త ధరలకు ముందు బహిరంగ విచారణ పెడుతుంది, మామూలు వినియోగదారులు కూడా అభ్యంతరం రాసి పంపొచ్చు, లేచి మాట్లాడొచ్చు. ఆటో ఎక్కితే చేరిపోయేంత దగ్గరలో ఉంది కదా అని వెళ్లకండి. వెళ్లినా, అద్దె వాటాలకు విడి మీటర్లు యజమాని దయతో పనిలేకుండా ఇప్పించమని అడక్కండి. ఒకే మీటరు కింద నాలుగు కాపురాలుంటే మెట్లను నాలుగుతో గుణించమని అడక్కండి. బల్బుల్లాగే ఫ్యాన్లను మీరే పెట్టి మిగులులోంచి రాబట్టుకోండని అసలే అడక్కండి, ఆ లెక్క కాగితం మీద కుదిరిపోతుంది.

పెద్దగా భయపడాల్సిన పని మాత్రం లేదు. విచారణలు మామూలుగా జరిగేది జనవరిలో. అప్పుడు తెల్లారి పొగమంచు, రాత్రి దుప్పటి, ఫ్యాను సంగతి మాట్లాడేవాళ్లకూ వినేవాళ్లకూ గుర్తుండదు. కాబట్టి మీకు అభ్యంతరం ఏదైనా ఉంటే మే నెలలో, మధ్యాహ్నం రెండింటికి, స్లాబు కింద కూర్చుని, ఫ్యాను ఆపుకుని తీరిగ్గా రాయండి. గడువు అప్పటికి దాటిపోయి ఉంటుంది.